పరదేశీ పునుగులు

"గొంతు తగ్గించండి. ఈ గోడలు అట్టముక్కలు. ఆయనకి వినబడుతుంది."

"వినబడనీ! ఎప్పటికైనా వినబడాల్సిన మాటేగా."

"వినబడాలి. కానీ ఇలా కాదు. మీ కోపంలోంచి కాదు."

వంటింట్లో కొడుకూ కోడలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మధ్యలో గట్టు మీద కాగితం పొట్లం. పొట్లం అడుగున జిడ్డు మరక అంతకంతకూ పెద్దదవుతోంది. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని తెచ్చినట్టు రెండు వేళ్ళతో తెచ్చి, కొడుకు దాన్ని అక్కడ పడేశాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. ఆకాశమంత మేడల్లో, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లో చిక్కుకున్న మనుషులను "కంగారు పడకండి, నేనున్నాను" అని తలుపు ఇవతలి నుంచి ఊరడించి బయటికి తీయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆ ఊరడింపు మాత్రం ఇంటిదాకా రాదు. దారిలోనే ఎక్కడో దిగిపోతుంది.

"ఏరా, పునుగులొచ్చాయా?" పక్క గదిలోంచి పెద్దాయన కేక. "వాసన వచ్చేసింది, మనుషులే రావట్లేదు!"

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"వేడిగా ఉన్నాయి మావయ్యగారూ!" కోడలు ఎక్కడలేని మామూలుతనం గొంతులోకి తెచ్చుకుంది. "ఒక్క నిమిషం చల్లారనివ్వండి."

"చల్లారాక తినడానికి పునుగులెందుకమ్మా, నిన్నటి అన్నం సరిపోదూ!"

ఆ వెంటనే గాజుగ్లాసులో నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. పెద్దాయన పళ్ళ సెట్టు పెట్టుకుంటున్నాడు.

ఆ సెట్టు చేసింది కోడలే. ఆమె పళ్ళు కట్టే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దస్తమానం మైనంలో పళ్ళు వరసగా అమర్చడం, అచ్చులు పోయడం, అరగదీయడం, గోళ్ళలో ఇరుక్కున్న గులాబిరంగు పొడితో ఇంటికి రావడం. మావగారి సెట్టు ఎక్కడా గుచ్చుకోకుండా ఎంతో శ్రద్ధగా చేసింది. అత్తగారు పోయాక ఈ దేశానికి వచ్చిన పెద్దాయన దాన్ని గ్లాసులోంచి తీసిందే లేదు. అన్నం పెడితే వద్దు. చారు పోస్తే వద్దు. రెండు గుక్కలు మజ్జిగ తాగి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరు మొహానే చెప్పేశాడు. ఇంకో దేశంలో ఉన్న కూతురు, "మీ చేత కాకపోతే చెప్పండి, వచ్చి తీసుకుపోతాను" అని ఫోన్లో పొడవని రోజు లేదు.

ఆ పళ్ళు గ్లాసులోంచి బయటికి వచ్చింది ఈ పునుగుల కోసమే.

పునుగులని పేరు పెట్టింది కూడా పెద్దాయనే. పరదేశీ పునుగులన్నాడు. నిజానికవి పునుగులూ కావు, బోండాలూ కావు. ఒక సాయంత్రం కోడలు బస్సు దిగి, వీధి మలుపులో బండి దగ్గర నుంచి వచ్చిన వాసనకు కాళ్ళు కదలక నిలబడిపోయింది. వెడల్పాటి బాణలి, దాని వెనక ఎర్రటి బుగ్గల ఆడమనిషి. ఏవో దుంపలూ ఆకులూ కలిపిన పిండిని ఆవిడ వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తుంటే బుస్సుమని పొంగి పైకి తేలుతున్నాయి. ఈ దేశం వచ్చాక ఇంత మంచి చప్పుడు వినలేదనుకుంది కోడలు. వచ్చిన నాలుగు ముక్కల పరాయి భాషలో అడగాల్సినవన్నీ అడిగింది. మాంసమా? కాదు. చేపా? కాదు. గుడ్డు? లేదు.

నూనె సంగతి అడగలేదు. వేయించడమంటే నూనెలోనే కదా అనుకునే ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు అదెందుకడుగుతారు?

"నేనేం చూశానో తెలుసా?" కొడుకు గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. "నీకు డ్యూటీ పొడిగించారు కదా, పోనీ ఇవాళ నాన్నకి నేనే తెస్తానని వెళ్ళాను. నా వంతు వచ్చేసరికి బాణలిలో నూనె అడుగంటింది. ఆవిడ కింద డబ్బాలోంచి తెల్లటి దిమ్మ ఒకటి తీసింది. సబ్బేమో అనుకున్నాను. తీసి బాణలిలో వేసింది! అదేంటని అడిగితే నవ్వుతూ పొట్ట పట్టుకుని చూపించింది. కొవ్వు! జంతువు కొవ్వు!"

కోడలు పొట్లం వైపే చూస్తోంది.

"అది కాదు నా బాధ. ఆవిడ ఇంకో మాట కూడా అంది. మీ ఆవిడకి తెలుసు, నేను చూపించానంది."

కోడలు పొట్లం మూతిని ఇంకో మడత పెట్టింది.

"అబద్ధమని చెప్పు. ఆ బండావిడ అబద్ధమాడిందని చెప్పు, నమ్మేస్తాను."

"అబద్ధం కాదు."

కొడుకు గట్టును అరచేత్తో చరిచాడు. చరిచి, పక్క గది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మా నాన్న ఉద్యోగమంతా బస్టాండుల్లోనే గడిచింది. కండక్టరు. చుట్టూ బజ్జీల బళ్ళు, బాణళ్ళు. ఒక్క మిరపకాయ బజ్జీ కూడా ఎరగడు! అమ్మ కట్టిచ్చిన క్యారేజీ తప్ప ఏదీ ముట్టలేదు. డ్యూటీ నుంచి రాగానే అమ్మ చొక్కా వాసన చూసేది, ఎక్కడైనా బయటి నూనె కంపు కొడుతోందేమోనని. అలాంటి మనిషికి తెలిసీ తెచ్చి పెట్టావు!"

"పెట్టాను."

"సిగ్గు లేకుండా చెప్తున్నావు."

"గొట్టం వెయ్యాలని డాక్టరు చెప్పినరోజు మీరెక్కడున్నారు? ఏ లిఫ్టులో ఉన్నారు? ఆయన్ని బాత్రూముకి నడిపించుకెళ్తే నా చేతిలో ఎముకలే తగిలేవి. ఆ మనిషి ఒకరోజు ఇంకొకటి ఉందా అమ్మాయ్ అని అడిగాడు. ఇంకొకటి ఉందా అని! అది విన్నాక నేనెలా మానెయ్యను?"

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే ఆపించేవారు."

"ఆపించేవాణ్ణి!"

"అందుకే చెప్పలేదు."

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. దాన్ని కట్టెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

కోడలికి కొవ్వు సంగతి ఒక పొద్దున్నే తెలిసింది. పనికి వెళ్తూ చూస్తే, ఇంకా పొయ్యి వెలిగించని బండి మీద బాణలి తెల్లగా గడ్డకట్టి ఉంది. రోజంతా మైనంతో పనిచేసే మనిషికి ఆ గడ్డకట్టడం చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. అడిగితే బండావిడ దిమ్మ తీసి చక్కగా చూపించింది, దాచిందేమీ లేదు. ఏ జంతువుదో మాత్రం కోడలు అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. ఆ సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. పెద్దాయన అప్పటికే పళ్ళు పెట్టుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఈ ఊళ్ళో ఆమె రాకకోసం ఎదురుచూసే మనిషి ఆయనొక్కడే. ఆమె చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్ళి పొట్లం కట్టించుకొచ్చింది.

"ఇవాళ చెప్పేస్తాను," అన్నాడు కొడుకు.

"చెప్తే మళ్ళీ గోడవైపు తిరుగుతారు. ఈసారి ఇటు తిరగరు."

"అయినా సరే. ఆయన నోరు అది. అందులో ఏం పడుతోందో ఆయనకి తెలియాలి."

ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్న సమాధానాలన్నీ ఒక్కసారిగా మొహం చాటేశాయి.

అంతలో పక్క గదిలో ఫోన్ మోగింది. కూతురు. పెద్దాయనకి ఫోన్ చెవికి ఆనించుకునే అలవాటు లేదు. స్పీకరు పెట్టి, దిండు మీద పడుకోబెట్టి, బస్సు చివరి సీటుదాకా వినబడేట్టు మాట్లాడతాడు.

"ఏం నాన్నా, తిన్నారా?"

"ఎక్కడే! పునుగులు వంటింటిదాకా వచ్చాయి, నాదాకా రాలేదు. మొగుడూ పెళ్ళాం రహస్యాలాడుకుంటున్నారు."

"రోజూ ఆ బజారు తిండేనా? అమ్మ ఉంటే తిననిచ్చేదా?"

"మీ అమ్మ కూడా తింటోందే!" పెద్దాయన పకపకా నవ్వాడు. "రోజూ మొదటిది దాని ఫోటో ముందు పెట్టాకే నేను నోట్లో వేసుకునేది. జన్మంతా నన్ను బస్టాండు పునుగు ముట్టనివ్వలేదు. ఇప్పుడు నోరు మెదపట్లేదు చూడు!"

వంటింట్లో కొడుకు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

కోడలికీ ఈ సంగతి తెలియదు. పళ్ళెం చేతికిచ్చి స్నానానికి వెళ్ళిపోయేది. తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. ఉల్లిపాయ తరిగిన కత్తిపీటను కూడా విడిగా పెట్టుకున్న అత్తగారు ఆమెకు కళ్ళముందు మెదిలింది.

"అమ్మకి పెడుతున్నారా!" అవతల కూతురి గొంతు లేచింది. మడీ ఆచారాల్లో ఆమె తల్లికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. "అసలు దేంట్లో వేయిస్తారు నాన్నా అవి? ఈ దేశాల్లో ఏవేవో వాడతారు. ఏ నూనో కనుక్కున్నారా?"

"నేను కనుక్కోవడమెందుకే? కోడలు కనుక్కోకుండా నా నోట్లో పెడుతుందా?" పెద్దాయన గొంతు నిండా ధీమా. "అమ్మాయ్! ఇలా వచ్చి మీ వదినకి చెప్పు, ఏ నూనెలో వేయిస్తారో!"

కోడలు కదిలింది. కొడుకు చటుక్కున ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పకు."

ఆమె తెల్లబోయి చూసింది.

"చెప్పకు. అమ్మ ముందు పెట్టాడట, విన్నావుగా. ఇప్పుడు తెలిస్తే బతకడు." అతని పట్టు బిగిసింది. "పొద్దుతిరుగుడు నూనె అని చెప్పెయ్. ఇన్నాళ్ళు చెప్పిన దానివి, ఇంకొక్కసారి."

"నేనెప్పుడూ నూనె అని చెప్పలేదండీ. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడిగారు."

చెయ్యి విడిపించుకుని గదిలోకి నడిచింది. అతను పొట్లాన్ని అక్కడే వదిలేసి వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగాడు.

పెద్దాయన మంచం మీద కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. బుగ్గలు కాస్త పూడాయి. ఖాళీ చేతులతో వచ్చిన కోడల్ని చూసి కనుబొమలెగరేశాడు.

"వదినా, నేను మళ్ళీ చేస్తాను," అని కోడలు ఫోన్ పెట్టేసింది.

"అదేంటమ్మా, దాని మొహం మీదే పెట్టేశావ్? అసలే కోపిష్టిది."

"మావయ్యగారూ, అది నూనె కాదు."

"ఏది?"

"వాటిని వేయించేది నూనెలో కాదు. కొవ్వులో."

పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు. కోడలి మొహంలోకి, తర్వాత గుమ్మంలో కొడుకు మొహంలోకి చూశాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"ఏ కొవ్వు?"

"అడగలేదు."

ఒళ్ళో తువ్వాలును ఆయన నెమ్మదిగా మడత పెట్టాడు. మడత సరిగ్గా రాక విప్పి మళ్ళీ పెట్టాడు.

"ఆ బండామె మోసం చేసిందా?"

"లేదు. ఆవిడ దాచలేదు. మాంసమా, చేపా, గుడ్డా అని అడిగాను. దేంట్లో వేయిస్తారని అడగాలని నాకు తోచలేదు."

"తోచదమ్మా." పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు. "ఎవరికి తోస్తుంది? నేనైనా అడిగేవాణ్ణి కాదు. తెలియక జరిగింది. తెలియక జరిగినదానికి ఎవర్ననుకుంటాం? మీ అత్తయ్య కూడా ఏమీ అనుకోదులే." ఫోటో వైపు చూడబోయి చూపు తిప్పుకున్నాడు. "వీడు వెళ్ళి చూసొచ్చాడా ఇవాళ?"

"అవును నాన్నా," కొడుకు గుమ్మంలోంచి గబగబా అందుకున్నాడు. "ఇవాళే. నేనే చూశాను. చూడగానే వచ్చి చెప్పాను. తనకీ ఇప్పుడే తెలిసింది."

గదిలో బరువు దిగిపోయినట్టయింది. కోడలు నోరు మూసుకుంటే చాలు. రేపట్నుంచి ఇంట్లోనే నూనె పోసి ఏవో వేయించి పెట్టొచ్చు. పెద్దాయన తింటాడు. ఇంటికి రాగానే పునుగులొచ్చాయా అన్న ఆ పిలుపు వినబడుతుంది. మొగుడి కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి.

కానీ తెలియక జరిగిందన్న ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగింది. ఆయన తనను క్షమించింది తను చెయ్యనిదానికి.

"నాకు ముందే తెలుసు మావయ్యగారూ."

కొడుకు తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ముందే అంటే?"

"వానలు మొదలవకముందే."

ఆ వానలు పడి, వెలిసి, చలి కూడా వచ్చేసింది. పెద్దాయన అదంతా లోపల లెక్కేసుకున్నట్టు కాసేపు పెదవులు కదిపాడు.

"తిట్టండి. కొట్టండి. మీరు తింటున్నారు కదా అని ఊరుకున్నాను. మీరు పోతారని భయమేసింది. నాకింకేమీ కనబడలేదు," కోడలు నేల మీద కూలబడింది.

పెద్దాయన తిట్టలేదు. ఆయన గొంతు ఎంత తగ్గగలదో ఆమె ఇంతవరకు వినలేదు.

"ఒక్కటి చెప్పమ్మా. తెలిశాక నువ్వు తిన్నావా?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. ఊహించి ఉంటే ఏం చెప్పేదో గానీ, ఇప్పుడు నోట్లోంచి నిజమే వచ్చింది.

"లేదు."

"ఒక్కటి కూడా?"

"లేదు మావయ్యగారూ. తినలేకపోయాను."

"ఊఁ," అన్నాడు పెద్దాయన. "నీ నోటికి వద్దనుకున్నది నా నోటికి పెట్టావు."

కోడలు తల ఎత్తలేకపోయింది. కొడుకు ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. మంచం దిగాడు. ఎవరి ఆసరా అడగకుండా, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి ఆయన వంటింటి గడప దాటింది లేదు. ఊళ్ళో ఉన్నప్పుడూ అంతే.

కోడలు లేచి పరుగున వెళ్ళింది.

"నువ్వు అక్కడే ఉండమ్మా."

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. పెద్దాయన పొట్లాన్ని చెత్తడబ్బాలో వేసి చేతులు కడుక్కున్నాడు. తర్వాత అలమర తలుపులు ఒక్కొక్కటే తెరవసాగాడు. గ్లాసులు. సబ్బులు. పాత డబ్బాలు.

"బియ్యం కింది అరలో, ఎడమవైపు..." అంది కోడలు.

ఆయన విననట్టే పై అర తెరిచాడు. దాని పక్కది తెరిచాడు. అన్నీ అయ్యాక వంగి కింది అర తెరిచి బియ్యం డబ్బా తీశాడు. గుప్పెడు బియ్యం గిన్నెలో పోసి, కడగకుండానే నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు చాలవు. ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇంట్లో ఉన్నది మంట కనబడని గాజు పొయ్యి. దాని మీద ఎక్కడ నొక్కాలో తెలియక ఆయన వేళ్ళు తడబడుతుంటే కొడుకు ముందుకు వచ్చాడు.

"నాన్నా, నేను వెలిగిస్తాను."

"నువ్వు కూడా అక్కడే ఉండరా. ఇందాక నాతో అబద్ధమాడింది నువ్వేగా."

ఎలా వెలిగిందో గానీ వెలిగింది. అడుగు మాడిన వాసన వచ్చేదాకా ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు. పెద్దాయన ఆ పలుకు మెతుకులను పళ్ళెంలో పెట్టుకుని, ఉప్పు చల్లుకుని, గట్టుకు ఆనుకుని నిలబడే తినసాగాడు. ప్రతి ముద్దకీ దవడలు బలవంతంగా ఆడుతున్నాయి. తింటున్నాడు, అదే చాలనిపించింది కోడలికి. మరుక్షణమే ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వు తెచ్చి పెట్టకపోతే నేనీపాటికి మీ అత్తయ్య దగ్గరికి పోయుండేవాణ్ణి," అన్నాడు పెద్దాయన, పళ్ళెంలోకే చూస్తూ. "అది నాకు తెలుసు. అందుకే తిట్టడానికి నోరు రావట్లేదు. కానీ నీ చేతి ముద్ద ఇక నాకు గొంతు దిగదమ్మా. ఏం చెయ్యను?"

గదిలో ఫోన్ మళ్ళీ మోగింది. కొడుకు తెచ్చి తండ్రి చేతికిచ్చాడు. పెద్దాయన ఎడమచేత్తో తడుముకుని స్పీకరు నొక్కాడు.

"ఏంటి నాన్నా అది! మాట్లాడుతుంటే పెట్టేస్తుందా? ఏ నూనెంటే చెప్పడానికి అంత కష్టమేంటి? నాకేదో అనుమానంగా ఉంది."

కోడలు గుమ్మం పట్టుకుంది. పెద్దాయన నోట్లో ముద్ద మింగేదాకా ఆగాడు.

"నూనేనే. మంచి నూనె. కోడలు అన్నీ కనుక్కుంది. సిగ్నలు పోయి కట్టయింది, అంతే."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. "మావయ్యగారూ..." అని ఒక అడుగు లోపలికి వేసింది. ఆయన ఇటు చూడలేదు.

"ఇదిగో, నువ్వెప్పట్నుంచో పిలుస్తున్నావుగా. వస్తానే. వచ్చి తీసుకెళ్ళు."

"అదేంటి నాన్నా ఉన్నట్టుండి? మీ కోడలు బాగా చూసుకోవట్లేదా?"

పెద్దాయన పళ్ళెం అంచున అంటుకున్న మాడు మెతుకును వేలితో గీరాడు.

"చూసుకుంటోందే. మరీ బాగా చూసుకుంటోంది."